ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ తర్వాత: పీహెచ్‌డీనా, ప్రాసెస్ డెవలప్‌మెంట్ ఉద్యోగమా?

ఏటా ఫలితాలు రాగానే ఈ ప్రశ్న మళ్లీ మొదలవుతుంది. అడిగేవాళ్లు చాలామంది జీతం దగ్గరే ఆగిపోతారు కాబట్టి ముందు ఆ లెక్క చూద్దాం. జేఆర్‌ఎఫ్ (నెట్ లాంటి పరీక్షతో వచ్చే పరిశోధన ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత 42,000, హెచ్‌ఆర్‌ఏ అదనం. హైదరాబాద్ దగ్గరి బయోటెక్ కంపెనీల కేంద్రమైన జీనోమ్ వ్యాలీలో ఫ్రెషర్‌కు చాలా కంపెనీలిచ్చే తొలి జీతం ఇంతకన్నా తక్కువే. అందుకే 'ఇల్లు గడవాలి, ఉద్యోగమే దారి' అన్న మాట జేఆర్‌ఎఫ్ రానివాళ్లకే వర్తిస్తుంది. ఫెలోషిప్ డబ్బు నెలల తరబడి ఆగే సందర్భాలూ ఉంటాయనుకోండి, ఆ టెన్షన్ వేరు.

నేను చూసేది జీతం కాదు. రోజూ చేసే ప్రయోగంలో 'ఎందుకిలా అయింది?' అని తవ్వే అవకాశం మీకుందా లేదా అన్నదే.

క్యూసీలో, అంటే తయారైన మందు నాణ్యతను పరీక్షించే విభాగంలో, అది తక్కువ. ఎస్‌ఓపీలో (పని చేయాల్సిన పద్ధతి రాసిన పత్రంలో) ఉన్నది ఉన్నట్టు చేయడమే అక్కడ మంచి పని, మందు భద్రతకు అది అవసరం కూడా. కానీ అక్కడ నాలుగేళ్లు ఉన్నాక ఆర్ అండ్ డీకి మారడం కష్టం. వేరే కంపెనీల కోసం పరిశోధన చేసిపెట్టే సీఆర్‌ఓల్లో రకరకాల టెక్నిక్‌లు చేతికొస్తాయి, ప్రశ్న మాత్రం క్లయింట్‌ది.

ప్రాసెస్ డెవలప్‌మెంట్, అంటే మందును పెద్ద ఎత్తున తయారుచేసే పద్ధతిని రూపొందించే పని, దాని సంగతి వేరు. మందుగా వాడే యాంటీబాడీని ప్రోటీన్-ఎ కాలమ్ (యాంటీబాడీని అంటిపెట్టుకునే ప్రోటీన్ నింపిన గొట్టం) మీద పట్టి, పీహెచ్ తగ్గించి విడదీస్తాం. అదే తక్కువ పీహెచ్‌లో కాసేపు ఉంచితే కొవ్వు పొర ఉన్న వైరస్‌లు నిర్వీర్యమవుతాయి. ఎక్కువసేపు ఉంచితే యాంటీబాడీ అణువులే ఒకదానికొకటి అతుక్కుని గుంపులు కడతాయి. ఎంతసేపు, ఏ బఫర్‌లో, ఎంత ఉప్పుతో? క్లాసులో చదివిన ఐసోఎలక్ట్రిక్ పాయింట్ (ప్రోటీన్ మీద నికర విద్యుదావేశం సున్నా అయ్యే పీహెచ్) ఇక్కడ రోజూ పనికొస్తుంది. చిన్న కాలమ్‌లో చక్కగా వచ్చింది ప్లాంట్‌లో మొండికేస్తే మళ్లీ మీ దగ్గరికే వస్తారు.

పైగా మన దగ్గరి పరిశ్రమ బలమే ఇందులో ఉంది. శాంతా బయోటెక్నిక్స్ 1997లో తెచ్చిన హెపటైటిస్-బి టీకాలో యాంటిజెన్ (రోగనిరోధక శక్తిని మేల్కొలిపే వైరస్ భాగం) కొత్తదేమీ కాదు. దాన్ని ఇక్కడ తక్కువ ఖర్చుతో తయారుచేయగలగడమే గొప్ప. డాక్టర్ రెడ్డీస్ 2007లో విడుదల చేసిన రిటుక్సిమాబ్ అనే యాంటీబాడీ మందు బయోసిమిలర్ (అసలు మందుకు దగ్గరి పోలికతో తయారుచేసిన రూపం) కూడా అంతే.

పీహెచ్‌డీలో ప్రశ్న మీదే, కనీసం గైడ్ గ్రాంట్ అనుమతించినంత మేర. పేపర్ మీద మీ పేరుంటుంది. కంపెనీలో ఎంత గొప్పగా చేసినా చాలావరకు బయటకు చెప్పలేరు, ఇది చిన్న లోటు కాదు. డిస్కవరీలో (కొత్త మందులు కనిపెట్టే విభాగంలో) టీమ్ నడపాలనుంటే డాక్టరేట్ లేకుండా చాలాచోట్ల ముందుకు పోలేరు. హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీ లాంటి చోట, మీకు నచ్చిన ప్రోటీన్ మీద పనిచేసే గైడ్ దొరికితే వెళ్లండి, నేను ఆపను.

కానీ ప్రశ్నేమీ లేకుండా, పేరు ముందు డాక్టర్ కోసం ఐదారేళ్లు పెట్టడం నాకు నచ్చదు. అలాంటివాళ్లకు నా ఓటు రెండు మూడేళ్ల ప్రాసెస్ డెవలప్‌మెంట్‌కే. పీహెచ్‌డీకి తర్వాత వెళ్లాలనుకుంటే జేఆర్‌ఎఫ్ వయోపరిమితి మీద మాత్రం ఓ కన్నేసి ఉంచండి. ఇంటర్వ్యూలో జీతంతో పాటు ఇంకొకటి అడగండి: బ్యాచ్ ఫెయిలైతే కారణం వెతికేది ఈ టీమేనా, లేక శాంపిల్ పంపి రిపోర్ట్ కోసం ఎదురుచూడటమేనా?