బాసర ట్రిపుల్ ఐటీకి కారులో రెండుసార్లు

పదో తరగతి మార్కులతో మా అమ్మాయికి బాసర ట్రిపుల్ ఐటీలో సీటు వచ్చింది. రెండేళ్ళు పీయూసీ (ఇంటర్ లాంటిది), నాలుగేళ్ళు బీటెక్. పదిహేనేళ్ళ పిల్లను ఆరేళ్ళ చదువుకు ఒక పల్లెటూళ్ళో వదిలి వచ్చిన రోజు మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. ఆ తర్వాత ఆగస్టులో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి హైదరాబాద్ నుంచి కారులో వెళ్ళి చూసి వచ్చాం. మొదటిసారి తిరిగొచ్చేటప్పుడు మనసు బరువుగా ఉంది. రెండోసారి అలా లేదు. మేము బస మార్చడమే దానికి కారణమని నా నమ్మకం.

దారి సుమారు 200 కిలోమీటర్లు. మేడ్చల్, తూప్రాన్, రామాయంపేట, కామారెడ్డి మీదుగా డిచ్‌పల్లి దాకా 44వ నంబరు హైవే, మధ్యలో మూడు టోల్ గేట్లు. డిచ్‌పల్లి దగ్గర ఎడమకు తిరిగితే నిజామాబాద్, అక్కణ్ణుంచి నవీపేట మీదుగా బాసర. ఈ చివరి 35 కిలోమీటర్లకు గంట పెట్టుకోండి. నవీపేటలో మేకల సంత రోజైతే ఇంకాస్త ఎక్కువే. రోడ్డుకు రెండు పక్కలా వరి, సోయా, మొక్కజొన్న, పసుపు చేలు. గోదావరి వంతెన మీదికి రాగానే మా చిన్నోడు కిటికీ దించి, నీళ్ళు కనుచూపు మేర పరుచుకుని ఉంటే అరుస్తూనే ఉన్నాడు. శ్రీరాంసాగర్ వెనుక నీళ్ళు ఇక్కడిదాకా వస్తాయి.

మొదటిసారి నిజామాబాద్‌లో ఒక మంచి హోటల్లో దిగాం. గది శుభ్రం, ఏసీ, వేడినీళ్ళు, పొద్దున ఇడ్లీ కూడా బాగుంది. కానీ తయారై, మళ్ళీ బండి తీసి క్యాంపస్ గేటు చేరేసరికి పదిన్నర. వివరాలు రాయించి, అమ్మాయి హాస్టల్ నుంచి వచ్చేసరికి పదకొండున్నర. సాయంత్రం చీకటి పడకముందే బయల్దేరాలన్న టెన్షన్. చూడటానికి వచ్చి గడియారం చూసుకుంటూ కూర్చున్నాం.

రెండోసారి బాసరలోనే గుడికి దగ్గరగా ఒక ప్రైవేటు లాడ్జిలో ఉన్నాం. ఫోన్లో చెప్పిన రేటు ఒకటి, వెళ్ళాక అడిగింది ఇంకొకటి. మరుసటి రోజు ఆదివారం, అక్షరాభ్యాసాలు ఎక్కువ అన్నారు. వేడినీళ్ళు బకెట్లతో తెచ్చుకోవాల్సి వచ్చింది, రాత్రి దోమలు నిద్ర పట్టనివ్వలేదు. అయినా నేను మళ్ళీ బాసరలోనే దిగుతాను. దేవస్థానం గదులు, టూరిజం వాళ్ళ హరిత హోటల్ కూడా ఉన్నాయి. వసంత పంచమికి, దసరా నవరాత్రుల్లో మూలా నక్షత్రం రోజుకు వెళ్ళేవాళ్ళు మాత్రం గది చేతిలో లేకుండా బయల్దేరకండి.

ఆ సాయంత్రం అమ్మాయికి అనుమతి తీసుకుని గోదావరి ఘాట్‌కు వెళ్ళాం. మా ఆవిడ సకినాలు, మామిడి తొక్కు డబ్బాలు విప్పింది. పిల్ల తింటూనే రూమ్మేట్ల గురించి చెప్పింది. ఒకమ్మాయిది ఆసిఫాబాద్ దగ్గర పల్లె, ఇంకొకామెది నారాయణఖేడ్ వైపు. "నాన్నా, మొదటి వారం అందరం ఏడ్చినం. ఇప్పుడు ఒకళ్ళ ఇంటి నుంచి డబ్బా వస్తే అందరిదీ" అంది. నిజామాబాద్‌లో దిగినప్పుడు ఈ మాట వినేంత తీరిక మాకు దొరకలేదు.

పొద్దున్నే గుడికి పోతే వరుసలు తక్కువ. వ్యాసుడు ఇసుకతో చేసిన మూర్తి అని చెప్పే సరస్వతి అమ్మవారికి పసుపు పూత ఉంటుంది. ఆ పసుపు నాలుక మీద వేసుకుంటే చదువు వస్తుందని నమ్మకం. మండపంలో పలకలు పట్టుకున్న పసిపిల్లలు, పక్కనే భుజాన జోలెతో మధుకరానికి, అంటే ఇంటింటి భిక్షకు, వెళ్తున్న దీక్షాపరులు. మా అమ్మాయికీ ఇక్కడే పలక పట్టించాం, మూడేళ్ళప్పుడు. ఆ సంగతి మా ఆవిడ గుర్తు చేస్తే పిల్ల తల్లి చేయి వదల్లేదు.

తిరిగొచ్చేటప్పుడు నిజామాబాద్ నుంచి ఆర్మూర్ రోడ్డు పట్టి అంకాపూర్‌లో ఆగండి. నాటుకోడి కూర ముందే ఫోన్ చేసి చెబితే వేడిగా వండి అన్నంతో కట్టిస్తారు. కారం గట్టిగా ఉంటుంది, పిల్లలుంటే తగ్గించమని చెప్పాలి. అక్కణ్ణుంచి ఆర్మూర్ దగ్గరే, మళ్ళీ హైవే ఎక్కేయొచ్చు.

ఈసారి దీపావళి తర్వాత వెళ్తున్నాం. మందపు దుప్పటి, ఇంకో డబ్బా సకినాలు తెమ్మంది, నలుగురికీ సరిపోయేలా.