గెడను మూలన పడేయలేకపోయిన డెప్త్ మీటరు: 4 ఏళ్ల వాడకం తర్వాత

మాది 22 అడుగుల ఫైబర్ బోటు, వెనక చిన్న అవుట్‌బోర్డ్ మోటారు. ఆదివారాలు చేపల కోసం, చలికాలంలో పక్షులు చూడటానికి వచ్చే స్నేహితుల కోసం కోరంగి మడ అడవుల నుంచి హోప్ ఐలాండ్ లోపలి వైపు దాకా తిరుగుతుంటాం. మోటారు ఫ్యాను (ప్రొపెల్లర్) నీళ్లలోకి దించితే బోటుకి 2 అడుగుల నీళ్లు కావాలి. కాకినాడ అఖాతంలో, పాటు వేళ (సముద్రం నీళ్లు వెనక్కి తగ్గే వేళ), చాలాచోట్ల ఆ రెండడుగులే దొరకవు. గోదావరి తెచ్చిపోసే ఇసుకతో ఏర్పడిన దిబ్బే హోప్ ఐలాండ్. ఆ ఇసుక ఇంకా కదులుతూనే ఉంది. నిరుడు దర్జాగా వెళ్లిన దారి వరదలయ్యాక మూసుకుపోయి ఉంటుంది. ఆ టెన్షన్ పడలేక 18 వేలు పెట్టి, నీళ్లలోకి శబ్దం పంపి నేల నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వనితో లోతు కొలిచే ఈ మీటరు కొన్నాను.

ముందు మంచి చెప్తాను. 3 అడుగులు దాటిన నీళ్లలో అంకె నమ్మొచ్చు. కింద చెప్పే సెట్టింగ్ సరిచేశాక గెడతో పక్కపక్కన కొలిచి చూస్తే బెత్తెడు కూడా తేడా రాలేదు. అంకె కన్నా గీత ఎక్కువ పనికొస్తుంది. నీటి కింది నేల మెల్లగా పైకి లేస్తోందా, ఒక్కసారిగా లేస్తోందా అన్నది తెరమీద కనిపిస్తుంది. రాత్రి తిరిగొచ్చేటప్పుడు ఇది లేకుండా వెళ్లడం ఇప్పుడు ఊహించలేను.

కొనగానే చేయాల్సిన పని ఒకటుంది, నాకు ఆరు నెలల తర్వాత గానీ తెలియలేదు. మీటరు తన సెన్సారు దగ్గర్నుంచి కొలుస్తుంది, నీటి మట్టం నుంచి కాదు. నా బోటులో సెన్సారు నీళ్లలోకి జానెడు దిగి ఉంటుంది. ఆ జానెడు సెట్టింగ్స్‌లో కలిపేశాను. ఇప్పుడు గెడ చెప్పేదీ మీటరు చెప్పేదీ ఒకటే.

ఇక గొడవంతా రెండడుగుల లోపల. నీళ్లలో శబ్దం సెకనుకు సుమారు 1500 మీటర్లు పోతుంది. అర మీటరు లోతులో అయితే సెకనులో 1500వ వంతులోనే ప్రతిధ్వని తిరిగొచ్చేస్తుంది. అప్పటికి సెన్సారు తన మోత ఇంకా ఆపి ఉండదు. దాంతో తికమకపడి ఏదో ఒక అంకె చూపిస్తుంది.

రెండో ఏడు, పౌర్ణమి వెళ్లిన రెండో రోజు, పాటు మొదలై 4 గంటలైంది. తెరమీద 1.1, 0.8, ఆ తర్వాత హఠాత్తుగా 2.8 మీటర్లు. గుంట దొరికిందని సంబరపడి ముందుకే పోనిచ్చాను. బోటు ఇసుకలో కూర్చుంది. గెడ పట్టుకుని ముందు నిల్చున్న బాబాయి వెనక్కి తిరిగి, "నీ పెట్టె ఏమంటోందిరా?" అన్నాడు.

"2.8 అంటోంది బాబాయ్."

ఆయన మాట్లాడకుండా పంచె ఎగ్గట్టి నీళ్లలోకి దిగాడు. మోకాలి దాకా వచ్చాయి.

తోసేలోపే నీళ్లు ఇంకా దిగిపోయాయి. మూడో గంటలో, నాలుగో గంటలోనే పాటు అన్నిటికన్నా జోరుగా లాగుతుందని పుస్తకంలో చదివిందే, అప్పుడు కళ్లారా చూశాను. ఎక్కడ కూరుకున్నామో మళ్లీ అంత నీరు రావడానికి 4 గంటలు పట్టింది. అదే పోటు ఎక్కుతున్నప్పుడైతే, పావుగంట ఓపిక పడితే బోటు తనే లేచేది. ఇప్పుడు అనుమానమున్న దారిలోకి పోటు ఎక్కేటప్పుడే వెళ్తాను. సర్వే ఆఫ్ ఇండియా పోటు పట్టికలో వేళ చూసుకునే బయల్దేరతాను. అమావాస్య, పౌర్ణమి పాటు రోజుల్లో మరీ జాగ్రత్త. అష్టమి దగ్గర పోటుకీ పాటుకీ తేడా తక్కువ గనుక కాస్త ధీమా.

మెత్తటి బురద ఇంకో తిప్పలు. మీటరు బురద పైపొరనే అడుగనుకుంటుంది, ఇసుకకీ దానికీ నా కంటికి పెద్ద తేడా కనబడదు. గెడకి మాత్రం క్షణంలో తెలిసిపోతుంది. ఇసుకైతే కిర్రుమని వెనక్కి తంతుంది, బురదైతే పట్టుకుని వదలదు. బురద పైన ఫ్యాను తిప్పితే చల్లబరిచే నీళ్లతో పాటు బురదా మోటారులోకి పోతుంది. ఆ రిపేరు ఖర్చు మీటరు ధరలో సగం. పైగా మీటరు చెప్పేది బోటు వెనక కింద ఉన్న లోతు. అంకె మారేసరికి ముందు భాగం దిబ్బ మీదికి ఎక్కేసి ఉంటుంది. వేగంగా వెళ్తే సెన్సారు కింద బుడగలు చేరి ఆ అంకె కూడా పోతుంది. నది సముద్రంలో కలిసే మొగ దగ్గర కెరటాలుంటే చూపించిన లోతులో అలలో సగం ఎత్తు తీసేసి చూసుకుంటాను.

నీటి రంగు చూసి లోతు చెప్పడం లక్షద్వీప్‌లో కుదురుతుందేమో, వానాకాలం గోదావరి ఎర్రనీళ్లలో కుదరదు. కొంగలు నిలబడి ఉన్నాయా అన్నది నాకు రంగు కన్నా పెద్ద గుర్తు.

మన్నిక ఫర్వాలేదు. ఉప్పుకి వైరు కనెక్టరు రెండుసార్లు తుప్పు పట్టింది, గ్రీజు రాయడం మొదలెట్టాక ఆగింది. సెన్సారుకి పాచి, గుల్లలు పడితే అంకెలు ఎగురుతాయి. నెలకోసారి ప్లాస్టిక్ ముక్కతో గీకాలి, చాకుతో వద్దు. మిట్టమధ్యాహ్నం తెర సరిగ్గా కనబడదు, నా పాత టోపీ దాని మీద కప్పుతాను.

లోతైన నీళ్లలో తిరిగేవాళ్లు కళ్లు మూసుకుని కొనొచ్చు. మా లాంటి లోతులేని బురద పర్రల్లో తిరిగేవాళ్లయితే, ముందు ఒక మంచి వెదురు గెడ తెచ్చుకుని 2 అడుగుల దగ్గర ఎర్ర రంగు, 3 దగ్గర పసుపు రంగు వేసుకోండి. దానికి 60 రూపాయల పెయింటు చాలు. మీటరు ఆ తర్వాత చూద్దురుగాని.