30 ఎంఏ ఆర్‌సీసీబీ: ఇంటికి పెట్టించవచ్చా?

తడి కూలర్ ముట్టుకుని షాక్‌తో మనుషులు పోవడం ఎండాకాలంలో తరచూ వింటాం. అలాంటప్పుడు ఎంసీబీ (కరెంటు మరీ ఎక్కువైతే దానంతటదే ఆఫ్ అయ్యే బోర్డు స్విచ్) పడదు. ఎంసీబీ ఉన్నది వైరు కాలకుండా చూడ్డానికి. మనిషి ప్రాణం తీయడానికి మామూలు ఎంసీబీ తట్టుకునే 16 ఆంపియర్లు అక్కర్లేదు, ఆంపియరులో పదో వంతు చాలు. ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపే స్విచ్) మాత్రం ఫేజ్‌లో వెళ్లిన కరెంటునూ న్యూట్రల్‌లో తిరిగొచ్చినదాన్నీ పోలుస్తూ ఉంటుంది. తేడా, అంటే మనిషి గుండానో మరోలానో లీకయ్యే కరెంటు, 30 మిల్లీ ఆంపియర్లకు (ఎంఏ) చేరితే 0.3 సెకను లోపే రెండు లైన్లూ కట్ చేస్తుంది. పెట్టించాల్సిందే.

సింగిల్ ఫేజ్ ఇంటికి రెండు పోళ్లది (ఫేజ్, న్యూట్రల్ రెంటినీ తెంపేది), 40 ఆంపియర్లది సరిపోతుంది. దాని ముందు 40 ఆంపియర్లు దాటని ఎంసీబీ ఉండాలి, ఎందుకంటే షార్ట్ సర్క్యూట్‌నూ ఓవర్‌లోడ్‌నూ ఆర్‌సీసీబీ ఆపదు. మీద ఐఎస్‌ఐ గుర్తు, ఐఎస్ 12640 నంబరు చూడండి. 100, 300 ఎంఏవి చూడ్డానికి అచ్చం ఇలాగే ఉంటాయి, కానీ మనిషిని కాపాడే రకం 30 ఎంఏదే. ఇన్వర్టర్ ఏసీ, కొత్తరకం వాషింగ్ మెషీన్ ఉన్న ఇంటికి ‘ఏ’ టైపు అడగండి. ‘ఏసీ’ టైపు అంటే ఎయిర్ కండిషనర్‌కని పొరబడవద్దు. మెషీన్లలోని ఎలక్ట్రానిక్స్ నుంచి వచ్చే లీకేజీని ‘ఏసీ’ టైపు సరిగా పట్టకపోవచ్చు.

‘టి’ అని రాసి ఉన్న బటన్‌ను నెలకోసారి నొక్కాలి. టక్‌మని లివర్ కిందికి పడితే పరికరం బాగున్నట్టు. ఎర్తింగ్ బాగున్నట్టు మాత్రం కాదు. ఆ బటన్ లోపలున్న చిన్న రెసిస్టర్ ద్వారానే తేడా పుట్టిస్తుంది, ఎర్త్ తీగతో దానికి పనే లేదు. ఎర్త్ తీగే లేని ఇంట్లోనూ టక్‌మని పడుతుంది.

చాలామంది దీన్ని తీసేయించేది ఊరికే పడిపోతోందని. చాలాసార్లు తప్పు న్యూట్రల్‌లోనే ఉంటుంది. ఆర్‌సీసీబీ దాటి వెళ్లిన కరెంటు మళ్లీ దాని గుండానే రావాలి. పాత బోర్డులో ఇన్వర్టర్ లైన్ల న్యూట్రల్‌ను ఆర్‌సీసీబీకి ముందున్న లింకులోనే (న్యూట్రల్ తీగలను కలిపే పట్టీ) వదిలేస్తే, ఫ్యాన్ వేయగానే పడుతుంది. ఆ న్యూట్రల్‌ను తర్వాతి లింకులోకి మారిస్తే చాలు. ఇంకొకటి, కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడు ఆ లైన్లకు మెయిన్ ఆర్‌సీసీబీ రక్షణ ఉండదు.

వైరింగ్ సరిగా ఉన్నా పడుతుంటే ప్లగ్గులన్నీ పీకి, ఎంసీబీలన్నీ దింపి, ఒక్కొక్కటే ఎక్కించండి. తర్వాత వస్తువులు ఒక్కొక్కటే పెట్టండి. ముందు గీజర్‌ను అనుమానించాలి, ఎలిమెంట్ పగిలితే నీళ్లలోకి లీకేజీ మొదలవుతుంది. సింగిల్ పోల్ ఎంసీబీ ఫేజ్‌నే తెంపుతుంది, కాబట్టి న్యూట్రల్ ఎర్త్‌కు తగిలి ఉంటే ఎంసీబీలు దింపినా పడుతూనే ఉండవచ్చు. అప్పుడు ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి.

బిగించడం కూడా సొంతంగా చేసే పని కాదు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనల ప్రకారం బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్ లాంటివి సామర్థ్యం మారకుండా మార్చుకోవచ్చు. కొత్త పరికరం కలిపే పని లైసెన్సు ఉన్న కాంట్రాక్టర్‌దే. పైగా ఆర్‌సీసీబీ ఆఫ్‌లో ఉన్నా, పైన కరెంటు వచ్చే టెర్మినల్స్‌లో కరెంటు ఉంటుంది. బిగించాక ఎర్త్ రెసిస్టెన్స్ కూడా కొలిపించుకోండి.