లెవెల్ క్రాస్‌లోని పెట్టీ మ్యూజియం: ఒక రేసింగ్ జట్టు పుట్టి పెరిగిన చోటు

నార్త్ కరోలినాలో ఉంటూ కార్ల మీద కాస్తయినా మక్కువ ఉన్న తెలుగు కుటుంబాలకు నేను ముందుగా చూడమని చెప్పేది షార్లెట్ నడిబొడ్డున ఉన్న నాస్కార్ (స్టాక్ కార్ పందేలు నిర్వహించే సంస్థ) హాల్ ఆఫ్ ఫేమ్‌ను కాదు, గ్రీన్స్‌బరోకు దక్షిణాన లెవెల్ క్రాస్ అనే చిన్న ఊళ్లో ఉన్న పెట్టీ మ్యూజియంను. షార్లెట్ నుంచి బయల్దేరినా, క్యారీ నుంచి బయల్దేరినా ఇంచుమించు గంటన్నర ప్రయాణం. షోరూముల్లో అమ్మే కార్ల రూపంలోనే ఉండే బండ్లతో జరిగే స్టాక్ కార్ పందేల్లో పెట్టీ ఎంటర్‌ప్రైజెస్ 268 విజయాలు, 10 ఛాంపియన్‌షిప్‌లు సాధించింది. ఆ కార్లను తయారుచేసిన ఆవరణలోనే మ్యూజియం ఉండటం దీని అసలు విలువ.

ఇక్కడ నేను ఎక్కువసేపు నిలబడిపోయింది కార్ల దగ్గర కాదు, కోత యంత్రాన్ని పెట్టుకోవడానికి కట్టిన పాకలాంటి షెడ్డు దగ్గర. 1949లో షార్లెట్‌లో జరిగిన తొలి నాస్కార్ స్టాక్ కార్ పందెంలో ఈ జట్టుకు మూలపురుషుడైన లీ పెట్టీ అడిగి తెచ్చుకున్న బ్యూయిక్ కారుతో పాల్గొని, దాన్ని పల్టీ కొట్టించి ఇంటికి చేరారు. ఆ తర్వాత మట్టినేల మీద, ఇంటి పక్కనున్న ఈ షెడ్డులోనే కార్లు సిద్ధం చేసుకుంటూ 1954, 1958, 1959 సంవత్సరాల్లో ఛాంపియన్ అయ్యారు. ఫ్లోరిడాలో జరిగే ప్రఖ్యాత పందెం డేటోనా 500 మొట్టమొదటిసారి 1959లో జరిగినప్పుడు ఇద్దరు పక్కపక్కనే గీత దాటడంతో లీ గెలిచినట్టు ప్రకటించడానికి మూడు రోజులు పట్టింది.

కొడుకు రిచర్డ్ కాలం వచ్చేసరికి ఇంట్లోవాళ్లే జట్టు అయ్యారు. తమ్ముడు మారిస్ ఇంజన్లు చేసేవారు, బంధువు డేల్ ఇన్‌మాన్ క్రూ చీఫ్‌గా కారు బాధ్యతంతా మోసేవారు. 1967లో రిచర్డ్ 27 పందేలు గెలిచారు, వాటిలో పది వరుసగా వచ్చాయి. 1969లో ఆయన ఫోర్డ్ వైపు వెళ్లిపోతే, మళ్లీ రప్పించుకోవడానికి ప్లిమత్ కంపెనీ తయారుచేసినదే 1970 నాటి సూపర్‌బర్డ్. కోసుగా సాగిన ముక్కు, డిక్కీ మీద నిటారుగా లేచిన రెక్క చూసిన పిల్లలు బొమ్మ కారనుకుంటారు గానీ, గాలిని చీల్చుకుపోవడానికీ, వెనక చక్రాలను నేలకు అదిమి ఉంచడానికీ చేసిన ఏర్పాటు అది. రిచర్డ్ నడిపిన 43 నంబరు కార్ల రంగు కూడా దగ్గరగా గమనించవలసినదే. 1972లో స్పాన్సర్‌గా వచ్చిన ఎస్‌టీపీ కంపెనీ కారంతా ఎర్రగా ఉండాలని పట్టుబట్టింది, రిచర్డ్ మాత్రం తమ ఇంటి నీలాన్ని వదులుకోనన్నారు. చివరకు రెండు రంగులూ కారు మీదికి ఎక్కాయి.

ఈ వైభవాన్ని చూసి ఊరుకోకుండా, జట్టు ఎలా చితికిందో కూడా తెలుసుకుని వెళ్తే ప్రతి వస్తువూ మరింత లోతుగా అర్థమవుతుందని నా అభిప్రాయం. 1981 డేటోనా 500లో చివరిసారి ఆగినప్పుడు టైర్లు మార్చకుండా పెట్రోలు మాత్రమే పోయించి రిచర్డ్‌ను గెలిపించిన ఇన్‌మాన్, ఆ వెంటనే మరో జట్టుకు వెళ్లిపోయారు. నా దృష్టిలో దిగజారడం అక్కడే మొదలైంది. 1983లో షార్లెట్ విజయం తర్వాత ఇంజన్ పరిమితికి మించి ఉందనీ, టైర్లు నిబంధనకు విరుద్ధమనీ తేలి 35,000 డాలర్ల జరిమానా పడింది. మరుసటి ఏడాది రిచర్డ్ బయటి జట్టుకు మారారు. అధ్యక్షుడు రీగన్ సమక్షంలో 1984 జులై 4న సాధించిన ప్రసిద్ధమైన 200వ విజయం సొంత జట్టు ఖాతాలో లేకపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

1986లో తిరిగి వచ్చినా, 1992లో రిటైరయ్యేదాకా ఆయనకు మరో గెలుపు దక్కలేదు. అప్పటికే పోటీ స్వరూపం మారిపోయింది. హెండ్రిక్ వంటి యజమానులు ఒకేసారి పలు కార్లు నడిపే స్థాయికి ఎదిగి, ఇంజనీర్లను, స్పాన్సర్లను, విడిభాగాల తయారీదారులను షార్లెట్, మూర్స్‌విల్ చుట్టుపక్కల పోగేసుకున్నారు. ఇంటి పెరట్లో పని చేసుకోవడమే బలంగా ఎదిగిన కుటుంబానికి ఆ దూరం చివరికి భారమైంది. 1999లో మార్టిన్స్‌విల్‌లో జాన్ ఆండ్రెట్టి సాధించినది ఈ జట్టుకు ఆఖరి విజయం. 2000 ఏప్రిల్‌లో లీ చనిపోయారు. ఐదు వారాలకే రిచర్డ్ మనవడు, నాలుగో తరం వారసుడైన ఆడమ్, న్యూ హాంప్‌షైర్‌లో ప్రాక్టీసు చేస్తూ పందొమ్మిదేళ్ల వయసులో మరణించాడు. 2008లో అధిక వాటా బోస్టన్ వెంచర్స్ అనే సంస్థ చేతికి వెళ్లింది, వర్క్‌షాప్ లెవెల్ క్రాస్ విడిచింది, జనరల్ మిల్స్ స్పాన్సర్‌షిప్ మరో జట్టుకు పోయింది. 2009 జనవరిలో గిల్లెట్ ఎవర్న్‌హామ్ జట్టుతో విలీనమై పెట్టీ ఎంటర్‌ప్రైజెస్ పేరు ముగిసింది.

పదేళ్లు దాటిన పిల్లలున్నవారికీ, మెకానికల్ ఇంజనీరింగ్ చదువుకున్నవారికీ ఈ మ్యూజియం తప్పక నచ్చుతుంది. పందేల గురించి ఏమీ తెలియనివారు ముందురోజు రాత్రి 1967, 1981 సీజన్ల వీడియోలు కొన్ని చూసి వెళ్లడం మంచిది. హడావిడిగా తిరిగితే గంటలో అయిపోతుంది, కానీ షెడ్డుకూ, సూపర్‌బర్డ్‌కూ కలిపి కనీసం రెండు గంటలు కేటాయించండి. వేళలు, టికెట్ ధరలు బయల్దేరే ముందు ఫోన్ చేసి కనుక్కోండి. భోజనం గ్రీన్స్‌బరోలో ముగించుకుని వెళ్తే తొందర ఉండదు.