లోతు లేని నీళ్ళలో కొర్రమీనుకు రబ్బరు కప్ప: ఒక ఎండాకాలం వాడాక

ఏప్రిల్ వచ్చేసరికి కర్నూలు దగ్గర సుంకేసుల ఆనకట్ట దిగువన తుంగభద్ర మడుగులు మడుగులుగా విడిపోతుంది. చాలాచోట్ల మోకాలి లోతే. అంచుల్లో జమ్ము, మధ్యలో గుర్రపుడెక్క, అడుగంతా నాచు. ఇక్కడ మామూలు గాలం వేస్తే చేప సంగతి తర్వాత, ముందు చెత్త తగులుకుంటుంది. అందుకే ఈసారి ఆన్‌లైన్‌లో ఎర బదులు వాడే, లోపల డొల్లగా ఉండే రబ్బరు కప్ప తెప్పించాను. ధర రెండు వందల లోపే. నిజంగా మంచి వస్తువు, ఒక్క కొక్కెం తప్ప.

ప్యాకెట్ మీద లార్జ్‌మౌత్ బాస్ బొమ్మ ఉంటుంది. అది అమెరికా చేప, మన నదిలో దొరకదు. కానీ వేసవిలో అది కూడా కలుపు నీడన నక్కి, పైన కదిలేదాన్ని కొట్టే రకమే. ఆ వేటకు పనికొచ్చే కప్ప మన కొర్రమీనుకూ సరిగ్గా సరిపోతుంది. తేడా ఒకటుంది. నీళ్ళు వేడెక్కే కొద్దీ ఆక్సిజన్ తగ్గుతుంది: 20 డిగ్రీలప్పుడు లీటరుకు 9 మిల్లీగ్రాముల దాకా కరిగేది, 30 డిగ్రీలకు ఏడున్నరకు పడిపోతుంది. మిట్టమధ్యాహ్నం బాస్ లోతుకో, చిక్కటి నీడకో పోతుంది. కొర్రమీను పైకొచ్చి నేరుగా గాలి పీల్చుకోగలదు కాబట్టి ఆ గోరువెచ్చని నీళ్ళలోనే ఉండిపోతుంది. పైకొచ్చినప్పుడు ‘బుడుంగ్’మని చప్పుడు. ఆ చప్పుడే మనకు గుర్తు.

కప్పను చేతిలోకి తీసుకుంటే పనితనం కనబడుతుంది. కొక్కేనికి రెండు కొనలు, రెండూ వీపుకు ఆనుకుని పైకి చూస్తుంటాయి. ఆకుల మీదుగా లాగితే ఎక్కడా పట్టుకోదు. చేప నోట పట్టి నొక్కినప్పుడు ఒళ్ళు అణిగిపోయి కొనలు బయటపడతాయి. ఈ కప్ప ఒళ్ళు చాలా మెత్తన, రెండు వేళ్ళతో నొక్కినా చప్పున అణుగుతుంది. ఇంతకన్నా ఖరీదైనవి కొన్ని గట్టిగా ఉండి, చేప కొట్టినా కొనలు బయటికి రావు. నా దృష్టిలో అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఈ మెత్తదనమే.

గుర్రపుడెక్క అవతలి అంచుకు విసిరి, ఆకు మీదికి లాక్కొచ్చి, అక్కడి నుంచి నీళ్ళలోకి మెల్లగా జార్చాలి. రెండు చిన్న కుదుపులు, ఆపడం, మళ్ళీ కుదుపు. చాలాసార్లు, కప్పను ఆపిన క్షణంలోనే చేప కొడుతుంది. నీళ్ళు పగిలినట్టు చప్పుడు కాగానే చెయ్యి దానంతటదే లాగబోతుంది, లాగకూడదు. దారం బరువెక్కి పక్కకు పోవడం మొదలయ్యాక కర్రను ఒక్కసారి గట్టిగా పైకెత్తాలి. గట్టున వలలు ఆరేసుకుంటున్న పెద్దాయన మొదట “ఏమప్పా, రబ్బరుదాన్ని తింటాదా చేప?” అన్నాడు. మొదటి దెబ్బ చూశాక వల వదిలేసి నా పక్కనే నిలబడి, “ఆగప్పా, ఆగు, మింగనీ” అని ఆయనే చెప్పడం మొదలుపెట్టాడు.

లోపం కొక్కెం దగ్గరే. కొర్రమీనుకు దవడ గట్టి, పళ్ళు పదును. కిలో దాటిన చేప కలుపులోకి దూరితే ఈ కొక్కెం వంగి కొన తెరుచుకుంది. చేప పోయింది, కప్ప మాత్రం తిరిగొచ్చింది. అదే కొలతలో మందమైన కొక్కెం కొని మార్చాక ఆ బాధ లేదు. ఇంకొకటి, కొక్కెం దూర్చిన రంధ్రంలోంచి నీళ్ళు లోపలికి పోతాయి. నాలుగైదు విసుర్లకోసారి పిండకపోతే కప్ప వెనక్కి వాలి మునుగుతుంది. ఎండలో బండి డిక్కీలో వదిలేస్తే కాళ్ళ పోగులు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, విడిగా చిన్న డబ్బాలో పెట్టుకోండి.

దీనికి నైలాన్ దారం వద్దు, సాగుతుంది. 40 పౌండ్ల బరువు ఓర్చే అల్లిక దారం, ఏడడుగుల మీడియం హెవీ (కాస్త బిరుసైన) రాడ్ ఉంటేనే చేపను కలుపులోంచి బయటికి లాగగలం. ఇంత తక్కువ నీళ్ళలో మన అడుగుల అదురు కూడా చేపకు తెలుస్తుంది. గట్టుకు నాలుగడుగులు వెనకే ఉండి, మన నీడ నీళ్ళ మీద పడకుండా నిలబడాలి.

నీళ్ళ పైన ఎర్రటి చిన్న కొర్రమీను పిల్లల గుంపు కనిపిస్తే అక్కడ దయచేసి కప్ప వెయ్యకండి. కింద తల్లో తండ్రో కాపలా ఉంటుంది, దేన్నైనా కొడుతుంది, సులువుగా దొరుకుతుంది. దాన్ని పట్టేస్తే ఆ పిల్లలన్నీ మిగతా చేపల పాలే. నదిలో కాకుండా ఊరి చెరువులో వేస్తుంటే ముందు మత్స్యకారుల సంఘం వాళ్ళను అడగండి, ఆ చేప మీద వాళ్ళు డబ్బు కట్టి ఉంటారు.

రంగుల్లో నల్లది తెల్లవారుజామున, సాయంత్రం మసక వెలుతురులో బాగా పనిచేసింది. కింద నుంచి చూసే చేపకు ఆకాశం ముందు నలుపే స్పష్టంగా కనబడుతుంది. వీపు మీద వేసిన ఆకుపచ్చ చుక్కలు మనకు అందమే గానీ చేపకు కనబడవు. మీరు ఒక్కటే కొనేటట్టయితే నల్లదే కొనండి, దాంతోపాటే మందమైన కొక్కెం కూడా ఆర్డర్ పెట్టుకోండి.