కంపెనీ వేరే రాష్ట్రానికి పంపితే ఉన్న ఇల్లు: రీయింబర్స్‌మెంటా, బీవీఓనా, గ్యారంటీడ్ బైఅవుటా – ఏది మేలు?

అమెరికాలో ఉద్యోగం ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి మారినప్పుడు రీలొకేషన్ ప్యాకేజీలో అందరూ ముందు చూసేది సామాను తరలింపు, కొత్త ఊళ్లో తాత్కాలిక వసతి, చేతికిచ్చే బోనస్. సొంత ఇల్లు ఉన్నవాళ్లకు మాత్రం పెద్ద డబ్బంతా ఆ ఇల్లు అమ్మే దగ్గరే ఉంటుంది. ఏజెంట్ కమిషన్, టైటిల్ (ఇంటి హక్కు పత్రాల) ఖర్చులు, కొన్ని రాష్ట్రాల్లో ట్రాన్స్‌ఫర్ ట్యాక్స్ కలిస్తే ఇంటి ధరలో పెద్ద ముక్కే పోతుంది. ఆ ఖర్చు మేమే భరిస్తామని పాలసీలో ఉంటే సంతోషమే. కానీ ఏ పద్ధతిలో భరిస్తారన్నది అడగకుండా ఇల్లు అమ్మకానికి పెట్టకండి. అదే ఇల్లు, అదే ఖర్చు, పద్ధతి మారితే మీకు మిగిలేది వేల డాలర్లలో మారిపోతుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. గ్యారంటీడ్ బైఅవుట్ (బయట కొనేవాళ్లు దొరక్కపోయినా ఇల్లు కొంటామన్న హామీ) ఇస్తామంటే దానికే నా ఓటు. అది లేకపోతే బీవీఓ, అంటే బయ్యర్ వాల్యూ ఆప్షన్: బయటి కొనుగోలుదారు ఇస్తామన్న ధరకే కంపెనీ తరఫు సంస్థ ముందు మీ ఇల్లు కొనడం. రీయింబర్స్‌మెంట్ (మీరు పెట్టిన ఖర్చు తర్వాత తిరిగివ్వడం) అయితే గ్రాస్-అప్, అంటే దాని మీద పడే ట్యాక్స్ కూడా కంపెనీయే కట్టడం, ఉందని కాగితం మీద చూసుకున్నాకే ఒప్పుకోవాలి.

రీయింబర్స్‌మెంట్: తేలిక, కానీ ట్యాక్స్ మీద పడుతుంది

ఇల్లు మీరే అమ్ముకుంటారు, క్లోజింగ్ (అమ్మకం పూర్తయిన) కాగితాలు పంపుతారు, కంపెనీ ఖర్చులు తిరిగి ఇస్తుంది. ఇంతకంటే తేలికైనది లేదు. చిక్కల్లా, ఆ డబ్బును ఐఆర్ఎస్ (అమెరికా ఆదాయపన్ను శాఖ) జీతంగానే లెక్కేస్తుంది. ఏటా కంపెనీ ఇచ్చే జీతం ఫారం డబ్ల్యూ-2లో కలుస్తుంది.

లెక్క వేసి చూద్దాం. ఇల్లు 5,00,000 డాలర్లకు అమ్ముడైంది, కమిషన్ 5 శాతం, ఇతర ఖర్చులు ఒకటిన్నర శాతం అనుకుందాం. మొత్తం 32,500. ఇందులో ఫెడరల్ విత్‌హోల్డింగ్ (ముందే కోసుకునే పన్ను) 22 శాతం, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కలిపి 7.65 శాతం కోస్తే సుమారు 9,636 డాలర్లు పోతాయి. మీరు కట్టింది 32,500, చేతికొచ్చింది 22,864. స్టేట్ ట్యాక్స్ ఉన్న చోట ఇంకా తగ్గుతుంది. జీతం ఇప్పటికే సోషల్ సెక్యూరిటీ పరిమితి దాటి ఉంటే కోత కొంచెం తక్కువే, కానీ అలాంటివాళ్ల ట్యాక్స్ బ్రాకెట్ 22 కంటే పైనే ఉండే అవకాశం ఎక్కువ.

ఈ తేడాను కూడా కంపెనీయే కడితే దాన్ని గ్రాస్-అప్ అంటారు. పై లెక్కలో ఉద్యోగికి పూర్తిగా 32,500 మిగలాలంటే కంపెనీ దాదాపు 46,200 ఖర్చు పెట్టాలి. అందుకే చాలా కంపెనీలు బీవీఓ వైపు మొగ్గుతాయి. మన మీద ప్రేమ ఒక్కటే కాదు, వాళ్లకూ అదే చవక.

మూవింగ్ ఖర్చులకు ట్యాక్స్ ఉండదని విన్నామని కొందరు ధీమాగా ఉంటారు. 2017 చట్టం ఆ మినహాయింపును 2018 నుంచి ఆపేసింది. 2025 చట్టం, సైన్యం, ఇంటెలిజెన్స్ ఉద్యోగులకు తప్ప, దాన్ని శాశ్వతంగా తీసేసింది. ఇల్లు అమ్మిన ఖర్చులైతే 1993 నాటి చట్ట మార్పులోనే ఆ మినహాయింపు జాబితా నుంచి పోయాయి.

బీవీఓ: మంచిదే, ఒక్క సంతకం దగ్గర జాగ్రత్త

ఇందులో ఒకటి కాదు, రెండు అమ్మకాలు జరుగుతాయి. మీరు ఇంటిని మార్కెట్లో పెడతారు. బయటి కొనుగోలుదారు ఆఫర్ ఇస్తారు. అదే ధరకు కంపెనీ నియమించిన రీలొకేషన్ సంస్థ ముందు మీ దగ్గర కొంటుంది, తర్వాత ఆ కొనుగోలుదారుకు అమ్ముతుంది. కమిషన్, క్లోజింగ్ ఖర్చులు ఆ రెండో అమ్మకంలో పడతాయి. అవి మీ ఖర్చులే కావు కాబట్టి మీ ఆదాయంలోకీ రావు. ఐఆర్ఎస్ 2005లో ఇచ్చిన 2005-74 నంబరు రూలింగ్‌లో ఈ విషయం స్పష్టంగా ఉంది: రెండూ నిజంగా వేర్వేరు అమ్మకాలైతే ఉద్యోగికి పన్ను లేదు. ఉద్యోగే ముందు బయటివాళ్లతో ఒప్పందం చేసేసుకుని, దాన్ని తర్వాత సంస్థకు అప్పగిస్తే అది ఒక్క అమ్మకమే, ఖర్చులన్నీ ఉద్యోగి ఆదాయమే.

గొడవంతా ఇక్కడే వస్తుంది. శుక్రవారం సాయంత్రం ఏజెంట్ ఫోన్ చేస్తారు. మంచి ఆఫర్ వచ్చింది, అడిగిన ధరకంటే ఎక్కువే, రేపటికల్లా సంతకం కావాలంటున్నారు, డాక్యుసైన్ లింకు పంపాను అంటారు. ఇన్నాళ్ల టెన్షన్ తీరిందని ఫోన్‌లోనే వేలు నొక్కేస్తే అంతే సంగతులు. ఆ కాంట్రాక్టు మీద మీ సంతకం పడకూడదు. ఎర్నెస్ట్ మనీ (కొనేవాళ్లిచ్చే బయానా) చెక్కు మీ చేతికి గానీ మీ పేరు మీద గానీ రాకూడదు. చేయాల్సింది ఒక్కటే: ఆఫర్‌ను ఉన్నదున్నట్టు రీలొకేషన్ సంస్థలోని మీ కౌన్సెలర్‌కు పంపడం. వాళ్లు పరిశీలించి, మీ ఇల్లు కొంటామని మీకు ఆఫర్ పంపుతారు. మీ సంతకం పడాల్సింది దాని మీద.

ఇల్లు అమ్మిపెట్టమని ఏజెంట్‌తో రాసుకునే లిస్టింగ్ ఒప్పందంలో కూడా ఒక క్లాజు ఉండాలి. రీలొకేషన్ సంస్థ ఇల్లు కొంటే ఏజెంట్‌కు మీరు కమిషన్ ఇవ్వనక్కర్లేదన్నది దాని సారాంశం. అందుకే పాలసీ చేతికి రాకముందే తెలిసిన ఏజెంట్ కదా అని లిస్టింగ్ మీద సంతకం పెట్టొద్దు. రీలొకేషన్ అమ్మకాలు చేసిన అనుభవం ఉన్న ఏజెంట్ దొరికితే ఈ గొడవలు సగం తగ్గుతాయి.

బీవీఓలో ఉన్న అసలు లోటు, కొనేవాళ్లు దొరికేదాకా రిస్కు మీదే. మార్కెట్ చల్లబడి ఇల్లు నెలల తరబడి అలాగే ఉంటే రెండు చోట్ల కట్టాల్సి రావచ్చు. ఒకసారి సంస్థ కొనేశాక మాత్రం కొనుగోలుదారు వెనక్కి తగ్గినా ఆ తలనొప్పి వాళ్లది.

గ్యారంటీడ్ బైఅవుట్: మనసుకు ప్రశాంతత

కొనేవాళ్లు వచ్చినా రాకపోయినా ఇల్లు సంస్థే కొంటుందన్న హామీ ఇది. సాధారణంగా ఇద్దరు స్వతంత్ర అప్రైజర్లు విలువ కడతారు. రెండింటి సగటే మీకిచ్చే ధర. ఇద్దరి మధ్య తేడా మరీ ఎక్కువైతే మూడో అప్రైజల్ ఉంటుంది. ఈలోగా బయటి నుంచి ఎక్కువ ధరకు ఆఫర్ వస్తే, దానికి తగ్గట్టు సంస్థ తన ధర పెంచే ఏర్పాటు చాలా పాలసీల్లో ఉంటుంది. పన్ను విషయంలో బీవీఓకు ఉన్న మేలు దీనికీ ఉంది.

ఈ ధర ఒక్కోసారి ఆశించినదానికంటే తక్కువగా కనిపిస్తుంది. రీలొకేషన్ అప్రైజల్, లోన్ కోసం చేసే అప్రైజల్ లాంటిది కాదు. ఇల్లు ఇప్పుడున్న స్థితిలో, పరిమిత సమయంలో ఎంతకు అమ్ముడవుతుందో అంచనా కడతారు. నచ్చకపోతే వదిలేసి బయట అమ్ముకోవచ్చు. కానీ పిల్లల స్కూలు, జీవిత భాగస్వామి ఉద్యోగం, కొత్త ఊళ్లో కొనబోయే ఇల్లు, ఇన్ని ముడిపడి ఉన్నప్పుడు ఫలానా తేదీకి ఇంత డబ్బు వస్తుందన్న భరోసా కోసం ధరలో కొంచెం తగ్గినా నేను దీన్నే ఎంచుకోమంటాను. కంపెనీకి ఇదే అన్నింటికంటే ఖరీదు, కాబట్టి పెద్ద హోదాలవాళ్లకే ఉంచే చోట్లు చాలా ఉన్నాయి. ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టకముందే అడిగి చూడండి, అప్పుడే మీ మాటకు బరువు ఎక్కువ.

లంప్‌సమ్, అంటే ఖర్చుల లెక్క లేకుండా ఒకేసారి చేతికిచ్చే మొత్తం, గురించి రెండు ముక్కలు చాలు. అదీ పూర్తిగా ట్యాక్స్ కట్టాల్సిన డబ్బే. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకు బాగుంటుంది, ఇల్లు అమ్మేవాళ్లకు కాదు.

అమ్మకుండా అద్దెకిస్తే?

2021 ప్రాంతంలో మూడు శాతం వడ్డీకి లోన్ తీసుకున్నవాళ్లకు ఈ ఆలోచన రావడం సహజం. ఆ ఏడాది జనవరిలో గృహరుణ సంస్థ ఫ్రెడ్డీ మాక్ లెక్కగట్టే 30 ఏళ్ల లోన్ సగటు రేటు 2.65 శాతానికి పడింది, 2023 అక్టోబరులో 7.79కి ఎక్కింది. చేతిలో ఉన్న లోన్ వదలబుద్ధి కాదు. అద్దె నెల వాయిదాకు సరిపోయి, దూరం నుంచి చూసుకునే ఓపిక ఉంటే తప్పేం లేదు. రెండు గడువులు మాత్రం మరవకండి. లాభం మీద 2,50,000, దంపతులకు 5,00,000 డాలర్ల మినహాయింపు పూర్తిగా దక్కాలంటే అమ్మకానికి ముందు అయిదేళ్లలో రెండేళ్లు ఆ ఇంట్లో ఉండి ఉండాలి. అంటే చాలామందికి అద్దెకిచ్చుకునే వెసులుబాటు దాదాపు మూడేళ్లు. కంపెనీ ఇచ్చే అమ్మకపు సాయానికి గడువు అంతకంటే చాలా తక్కువ, ఎక్కువ చోట్ల ఏడాదే. పైగా అద్దెకిచ్చిన ఇంటికి ఆ సాయం వర్తించదని రాసుకున్న పాలసీలూ ఉన్నాయి.

హెచ్ఆర్‌ను ఈమెయిల్‌లోనే అడగాల్సినవి ఇంకో రెండున్నాయి. 2024 ఆగస్టు 17 నుంచి కొనేవాళ్ల ఏజెంట్ కమిషన్ పద్ధతి మారింది కాబట్టి, అమ్మేవాళ్లుగా మీరు ఆ కమిషన్ ఇవ్వడానికి ఒప్పుకుంటే పాలసీ దాన్ని భరిస్తుందా? ఏడాది, రెండేళ్లలోపు ఉద్యోగం మానేస్తే ఎంత తిరిగి కట్టాలి, లేఆఫ్ అయినా కట్టాలా? ఈ రెండో దానికి జవాబు రాతపూర్వకంగా వచ్చేదాకా రీపేమెంట్ ఒప్పందం మీద సంతకం పెట్టకండి.