బీఎల్‌డీసీ ఫ్యాన్: కొన్నేళ్లు వాడాక నా మాట

రోజంతా ఫ్యాన్ తిరిగే గదికి బీఎల్‌డీసీ (బ్రష్‌లెస్ డీసీ మోటారుతో నడిచే) ఫ్యాన్ పెట్టించుకోవడం దండగ కాదని, కొన్ని వేసవులు వాడాక గట్టిగానే చెప్తాను. కాకపోతే దాని అసలు గొప్ప అట్టపెట్టె మీద పెద్దక్షరాల్లో రాసే వాట్ల లెక్కలో లేదు, తక్కువ స్పీడులో ఉంది.

ఎలక్ట్రీషియన్‌తో లైన్లో వాట్ మీటరు పెట్టించి చూశాం. ఫుల్ స్పీడులో పాత ఫ్యాన్ 75 వాట్లకు దగ్గరగా లాగితే, ఇది 30 దగ్గర ఆగింది. తేడా 45 వాట్లు. రోజుకు 12 గంటలు తిరిగితే నెలకు 16 యూనిట్లు మిగిలినట్టే. రాత్రి తెల్లవారుజామున స్పీడు తగ్గించినప్పుడు చూడాలి దీని సత్తా! వేగం సగమైతే గాలిని నెట్టడానికి ఎనిమిదో వంతు శక్తి చాలు. పాత ఇండక్షన్ మోటారు ఆ లాభాన్ని మనకు పూర్తిగా ఇవ్వదు. వోల్టేజి తగ్గించి దాన్ని నెమ్మది చేస్తే చాలా కరెంటు రోటర్లోనే, అంటే మోటారులో తిరిగే భాగంలోనే, వేడిగా పోతుంది. ఇందులో రోటర్‌కి శాశ్వత అయస్కాంతాలుంటాయి, లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు వేగానికి తగ్గట్టే కరెంటు పంపుతుంది. కింది స్పీడులో మీటరు పది వాట్లు కూడా చూపించలేదు. రాత్రంతా తిరిగాక స్టూలెక్కి మధ్య ఉన్న మోటారు డూమ్ మీద చెయ్యి పెడితే పాతది చురుక్కుమనేది, ఇది గోరువెచ్చగా ఉంటుంది. రెగ్యులేటరు తగ్గించినప్పుడు వచ్చే ఆ గుయ్‌మనే మోత కూడా పోయింది. వోల్టేజి పడిపోయినా గాలి తగ్గడం లేదు. ఇన్వర్టర్ బ్యాటరీ కూడా ఎక్కువసేపు వస్తోంది.

ఫ్యాన్ గదిని చల్లబరచదు, ఒంటి మీద చెమటని ఆరబెడుతుంది, అంతే. అందుకే దీన్ని ఏసీతో కలిపి వాడటం అలవాటు చేసుకున్నాం. 24 మీద పెట్టే ఏసీ ఇప్పుడు 27 మీద ఉంటోంది, ఎవరికీ ఉక్కపోత అనిపించడం లేదు. ఆఫీసు భవనాలకీ ఇదే సూత్రం: గాలి కదులుతుంటే గది ఉష్ణోగ్రత కాస్త ఎక్కువున్నా హాయిగానే ఉంటుందని ఆష్రే (ఏసీ, వెంటిలేషన్ రంగపు అమెరికన్ ఇంజనీర్ల సంఘం) 55 ప్రమాణం ఒప్పుకుంటుంది.

ఇక బాధ గురించి. ఉరుములు మెరుపుల వానలో ఒకసారి బోర్డు కాలిపోయింది. మోటారు చెక్కుచెదరలేదు. కానీ ఒక మోడల్ బోర్డు ఇంకోదానికి సరిపోదు, సర్వీసువాళ్లు తెప్పించేదాకా ఎదురుచూడక తప్పలేదు. పాత ఫ్యాన్ నెమ్మదిస్తే వీధి చివర దొరికే కండెన్సర్ మారిస్తే సరిపోయేది. ఈ విషయంలో తయారీదార్లు మారాల్సిందే. వేగం సంగతి లోపలి బోర్డే చూసుకుంటుంది కాబట్టి, గోడ మీది పాత రెగ్యులేటరు తీసేయించి మామూలు స్విచ్ పెట్టించడం కూడా మర్చిపోవద్దు.

కొనేటప్పుడు వాట్లు ఒక్కటే చూడకండి. నిమిషానికి ఎన్ని ఘనపు మీటర్ల గాలి తోస్తుందో చూసి, దాన్ని వాట్లతో భాగించండి. గాలే తక్కువ తోసే ఫ్యాన్‌కి వాట్లు తక్కువుండటంలో వింతేముంది? రెక్కల మలుపు కూడా ముఖ్యమే. అమెరికాలోని ఫ్లోరిడా సోలార్ ఎనర్జీ సెంటర్‌లో పరిశోధకుడు డానీ పార్కర్ విమాన ప్రొపెల్లర్ల తీరున మెలితిప్పిన రెక్కలతో సీలింగ్ ఫ్యాన్ రూపొందించింది ఇందుకే.

పడకగదికి, హాలుకి మళ్లీ ఇదే కొంటాను. ఎప్పుడో ఓ గంట తిరిగే గదిలో మాత్రం పాత ఫ్యాన్‌నే ఉంచేశాను.